పద్దెనిమిది టిక్కులు

జగిత్యాల,
బుధవారం ఉదయం.

అవ్వకు కొడుకు మధుకర్ దండాలు.

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు, మల్యాల దాటాక వచ్చే మలుపులో, తమ్ముడు ధనుంజయ్ కారు వెనక భాగం జారి, ఒక చుట్టు తిరిగి మక్కచేనులోకి దిగింది. లోపల ముగ్గురం ఉన్నాం. నడుపుతున్న తమ్ముడికీ, పక్కనున్న నాకూ గీతలు పడ్డాయి. వెనక కూర్చున్న వాడి బిడ్డ పూజకు ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. నాలుగు వారాలు కట్టు ఉంచాలన్నారు. ఎదురుగా బండి ఏదీ రాలేదు. కారణం తెలియాల్సి ఉంది.

ఎప్పుడూ ‘ఇక్కడ అందరం బాగున్నాం’ అని మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆ మాట రెండో పేరాకు జరిగింది. అందరం ఉన్నాం, తింటున్నాం. భివండీలో నువ్వూ, అక్కా, బావా, పిల్లలూ క్షేమమే అనుకుంటాను. నీకు ఫోన్‌లో మాట వినిపించడం లేదు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అద్దాలు పెట్టుకుని, నిమ్మళంగా కూర్చుని చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వు రెండు అడిగావు. మొదటిది, తమ్ముడు కారు పందేలు మానాడా అని. మానలేదు. కానీ రోడ్డు మీద ఆడడు. అనుమతి ఉన్న పాత రన్‌వే మీద, హెల్మెట్ పెట్టుకుని, నాలుగు వందల మీటర్లు నేరుగా పోతాడు. పదహారు సెకన్లలో అయిపోతుంది. వారమంతా సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో సాంచెలు బాగుచేసి, చెవుల్లో ఆ చప్పుడుతోనే నిద్రపోయే మనిషికి నెలకోసారి ఆ పదహారు సెకన్లే పండగ.

రెండోది, ఆ కారులో కూర్చుంటే ఇంకా నడుం విరుగుతుందా అని. దీనికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

అది ముందు చక్రాలు లాగే బండి. ఒక్కసారిగా ఉరికిస్తే బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికై ఉన్నచోటనే గిరగిరా తిరుగుతాయి. అందుకని పందెంలో వెనక భాగం కుంగకుండా గట్టిగా ఉండాలి. మామూలు రోడ్డు మీద మాత్రం ఆ గట్టిదనమే శత్రువు. మలుపులో గతుకు తగిలితే వెనక చక్రాలు నేలను వదిలేస్తాయి. పోయినేడు తమ్ముడు వేయించినవి పందెం స్ప్రింగులు. బోయినపల్లి రోడ్డు మీద నీ నడుం పట్టేసింది వాటివల్లనే.

ఏవి వేయాలో తేల్చే పని నేను నెత్తిన వేసుకున్నాను. కోరుట్లలో రాజమౌళి అని మెకానిక్ ఉన్నాడు, తక్కువ మాట్లాడతాడు. పందెం స్ప్రింగులు, కంపెనీ స్ప్రింగులు, మధ్యరకం స్ప్రింగులతో నాబ్ తిప్పి బిగువు మార్చుకునే షాకబ్జర్లు. మూడూ వరసగా వేసి చూశాం. రన్‌వే మీద గడియారం నేను పట్టుకున్నాను. రోడ్డు మీద నీ ఇత్తడి చెంబులో మెడదాకా నీళ్లు పోసి వెనక సీట్లో పూజ ఒళ్లో పెట్టాను. బోయినపల్లి స్పీడుబ్రేకర్లన్నీ దాటాక ఎంత ఒలికిందో వేళ్లతో కొలిచాను.

“పెద్దబాపూ, నా డ్రెస్సు మీద ఒలికింది గూడ రాస్కో,” అంది పూజ.

పందెం స్ప్రింగులకు సగం చెంబు పోయింది. కంపెనీవాటికి రెండు వేళ్లు పోయాయి కానీ రన్‌వే మీద ముప్పావు సెకను ఆలస్యం. నాబ్ రకానికి మూడు వేళ్లు, ఆలస్యం సెకనులో పదో వంతు. నాబ్ రకమే వేయాలని నేను చెప్పాను, తమ్ముడు వేయించాడు. ఒకటే షరతు. రన్‌వే నుంచి రోడ్డు ఎక్కేముందు రెండు వెనక నాబ్‌లూ తిప్పి మెత్తన చేయాలి. తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటుంది. మొత్తం ఇరవై నాలుగు టిక్కులు. పందానికి నాలుగు, రోడ్డుకు పద్దెనిమిది. రాజమౌళి చెప్పగానే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆదివారం పందెం అయ్యాక తమ్ముడు చక్రాలకు గాలి చూస్తూ అడిగాడు.

“అన్నా, ఎన్క నాబ్‌లు తిప్పినవా?”

“తిప్పిన. పద్దెనిమిది.”

“సూశి తిప్పినవా, ఎవరో జెప్తె వార్త రాసినట్టు తిప్పినవా?”

“రెండుసార్లు లెక్కవెట్టిండు బాపూ, నేను సూశిన,” అని పూజ నా తరఫున సాక్ష్యం చెప్పింది. ముగ్గురం నవ్వుకుంటూ బయల్దేరాం. మల్యాల మలుపులో బండి వేగం యాభై దాటలేదు. నేను మీటరు చూస్తూనే ఉన్నాను.

సోమవారం పదకొండు గంటలకు బండిని కోరుట్ల చేర్చాం. తమ్ముడి భార్య హేమలత కూడా వచ్చింది. రాజమౌళి వెనక నాబ్‌ను చివరిదాకా బిగిస్తూ లెక్కపెట్టాడు. ఆరు టిక్కులకే ఆగిపోయింది. రెండోవైపు చూశాడు. ఆరే.

“గిదేంది? పద్దెనిమిది జెప్పిన గదా. మొత్తం బిగిచ్చి, ఆడికెల్లి వదులు జేస్కుంట లెక్కవెట్టాలె. ఎవలు తిప్పిండ్రు గిట్ల?”

అవ్వా, తిప్పింది నేనే. నేను మొత్తం వదులు చేసి, అక్కడినుంచి బిగిస్తూ పద్దెనిమిది లెక్కపెట్టాను. సాంచె ముందు నిలబెట్టి మా బాపు నేర్పింది అదే కదా. ‘మొదలు వదులు జెయ్యి, అటెన్క లెక్కవెట్టు’ అనేవాడు. నా చేతికి ఇంకో లెక్క ఉంటుందనే అనుమానం కూడా రాలేదు. మెత్తన చేశాననుకుని దాదాపు పందెం బిగువులోనే ఉంచాను. అంకె సరిగానే రాసుకున్నాను, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అడగలేదు.

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు నావైపు ఒక్కసారి చూశాడు.

“నేనే తిప్పిన రాజమౌళీ. లెక్క తప్పిన.”

హేమలత అరవలేదు. “బిడ్డ శెయ్యి ఇరిగితె గని తెల్వలేదా లెక్క? నాకు గీ బండి వద్దు,” అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అప్పటినుంచి తమ్ముడితో ఆమెకు మాటల్లేవు. ఎల్లుండి శుక్రవారం ఉదయం పది గంటలకు రమ్మని మెట్‌పల్లిలో కారు కొనేవాళ్లకు కబురు పంపింది.

నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు. బయటికొచ్చాక ఎందుకట్ల చెప్పావని తమ్ముణ్ణి అడిగాను. “నా బండి, నేను సూస్కోవాలె. నీ మాటకు ఊర్ల ఇలువుంది, అదెందుకు పోవాలె?” అన్నాడు.

నిన్న పూజను చూడబోయాను. కట్టు మీద స్నేహితులు రాసిన పేర్లు చూపించింది. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

“పెద్దబాపూ, నువ్వే గదా తిప్పినవ్? బాపెందుకు తను తిప్పిన అంటుండు? అమ్మకు జెప్తనంటె ఒట్టు వెట్టిచ్చుకున్నడు.”

ఇరవై ఏడేళ్లుగా విలేకరిగా అందరినీ ప్రశ్నలు అడిగినవాణ్ణి. పదిహేడేళ్ల పిల్ల అడిగినదానికి మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఇంకా తేరుకోలేదు. మలుపులో బండి తిరిగినప్పుడు కూడా ఇంత బిత్తరపోలేదు.

మొదటి పేరాలో ‘కారణం తెలియాల్సి ఉంది’ అని రాశాను. వార్తలో కారణం దొరకనప్పుడు రాసే మాట అది. కొట్టివేయకుండా నువ్వు చూడాలని అట్లాగే ఉంచాను. కారణం నేను. సోమవారం పదకొండు గంటల నుంచి నాకు తెలుసు.

నన్ను సమర్థిస్తూ హేమలతకు ఫోన్ చేయించకు. నువ్వంటే ఆమెకు గౌరవం, నీ మాట కాదనలేకపోతుంది. అది నాకు వద్దు. కారు ఉంచాలా అమ్మాలా అన్నది నిజం విన్నాక ఆమె తేల్చుకోవాలి.

ఈ ఉత్తరాన్ని సాయంత్రం భివండీ బస్సు డ్రైవరుకు ఇస్తాను. రేపు మధ్యాహ్నానికల్లా అక్క చేతికి, అక్కడినుంచి నీ చేతికి వస్తుంది. ముందు నీకు రాయడానికి కారణం ఒకటే. నీకు తెలిసిపోయాక ఇక నేను వెనక్కి తగ్గలేను.

రేపు, గురువారం, సాయంత్రం ఆరు గంటలకు పూజ కాలేజీ నుంచి వస్తుంది. ఆ వేళకు సిరిసిల్లలో తమ్ముడి ఇంట్లో ఉంటాను. హేమలత, పూజ, తమ్ముడు ముగ్గురూ కూర్చున్నాక మొదట నేను మాట్లాడతాను.

ఇట్లు,
లెక్క తప్పిన నీ పెద్దకొడుకు
మధుకర్