పాప పేరు సంగతి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి

పోర్ట్‌బ్లెయిర్, 11-2-86

కుసుమా,
క్షేమంగా ఉన్నాను, సముద్రం నాకు పడింది, బెంగపెట్టుకోవద్దు. బారసాల లోపు పాప పేరు తేల్చమన్నావు. తేల్చకుండానే ఓడెక్కాను.

నిన్న గైడు మమ్మల్ని లాంచీలో మూడు దీవులు తిప్పాడు. రెండో దీవిలో ఒక కొండ ముందు నిలబెట్టి, పిలిస్తే బదులు పలుకుతుందన్నాడు. మా కాలేజీ సుభానీ, "జైనాబూ, టీ పెట్టు!" అని భార్యను కేకేశాడు. కొండా అదే మాట అంది. అందరూ నవ్వారు. "ఏంది మాస్టారూ, మీరూ ఎవుర్నన్నా పిలవండి, చానా బాగుంది" అని నన్ను ముందుకు తోశాడు. నా నోట "ఏమే" అని వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, పోయేదాకా, మీ అమ్మను అలాగే పిలిచాను. పేరుపెట్టి ఒక్కనాడూ పిలవలేదు. కొండ కూడా "ఏమే" అనే అంది. సుభానీ ఇంక నవ్వలేదు. నా సంచీ అందుకుని పక్కన నడిచాడు.

కళ్ళంలో మిరపకాయలు ఎత్తారా? పాపకు దగ్గు తగ్గిందా? అల్లుడుగారిని ఒకసారి నరసరావుపేట వెళ్ళి మన ఇల్లు చూసి రమ్మను.

పాపకు నువ్వు అమ్మ పేరు పెడతానంటే పాతకాలపు పేరని వద్దన్నాను. అది సాకు. ఆ పేరు వినపడితే ఓర్చుకోలేనని భయపడ్డాను. పెట్టమ్మా. పెద్దావిడ పేరని మీరంతా ముద్దుపేరుతో పిలుచుకోండి. నేను మాత్రం పూర్తిగా పిలుస్తాను.

మీ అత్తమామలకు నమస్కారాలు, మీ ముగ్గురికీ నా దీవెనలు. ఓడ ఆలస్యమైతే నా కోసం ఆగవద్దు. బియ్యంలో కోటేశ్వరమ్మ అని రాయించు, ఒక్క అక్షరం తగ్గించవద్దు.

నాన్న