ఎలీసమ్మ ముఠా

గుంటూరు, హాస్టలు

అమ్మకు మహిమ వందనాలు.

ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడి తిడతావని రాస్తున్నాను. మిలటరీ ఆఫీసరు ట్రైనింగుకి నేను సెలెక్టయ్యానమ్మా! కాలేజీలో మూడేళ్లు ఎన్‌సీసీ చేసినందుకు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలిచారు. నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కువి నువ్వే కాబట్టి, చేరాలంటే నీ సంతకం కావాలి. పెట్టేముందు ఒక సంగతి విను.

నిరుడు క్యాంపని చెప్పి వెళ్లింది ఈ ఇంటర్వ్యూకే. అమ్మ ఏం చేస్తుందని ఆఫీసరు అడిగితే, ఐదెకరాల మిరప రైతు అన్నాను. నాతో వచ్చిన అమ్మాయిల్లో కల్నళ్ల కూతుళ్లు, డాక్టర్ల కూతుళ్లు ఉన్నారు. కూలీ అనడానికి సిగ్గేసింది. కోత గురించి అడిగినంతసేపూ గడగడా చెప్పాను. రంగు పోయిన తాలు కాయ ఏరడం, కల్లంలో ఎండబెట్టడం, అన్నీ. ఎకరానికి విత్తనం ఎంత కొంటారనేసరికి నోటికొచ్చిన లెక్క చెప్పాను. మనం విత్తనం కొన్నదెప్పుడు? ఆయన చిన్నగా నవ్వారు. ఇంటికి పంపేశారు. అబద్ధం దొరికిపోయినందుకు కాదు, నిన్ను దాచినందుకు ఏడ్చాను.

ఈసారి నిజమే చెప్పాను. "మా అమ్మ కూలీ ముఠాకి మేస్త్రి సార్. ఏటా కనిగిరి నుంచి ముప్ఫైమంది ఆడవాళ్లను గుంటూరు కోతలకి తీసుకొస్తుంది. వాళ్ల తగాదాలు తీరుస్తుంది, జ్వరమొచ్చినవాళ్ల సాలు కూడా తనే కోస్తుంది. నాయకత్వం నాకు ఆవిడ దగ్గరే అబ్బింది" అన్నాను. ఆ తర్వాత సగం ఇంటర్వ్యూ నీ గురించే.

నన్ను క్షమిస్తేనే సంతకం పెట్టు.

నీ మహిమ

కనిగిరి

మహిమకి అమ్మ దీవించి రాసేది.

ఏమే, నన్ను రైతును చేసేదానివి ఐదెకరాలేనా? పదంటే నీ సొమ్మేం పోయింది?

చదవగానే కోపం వచ్చిన మాట నిజం. ఆ తర్వాత నాకే సిగ్గేసింది. ఆడపిల్లకి తుపాకీ ఏంటని నవ్వుతారని నీ ఎన్‌సీసీ మాట దాచి, నువ్వు టీచరు ట్రైనింగు చదువుతున్నావని మూడేళ్లుగా ముఠా అందరికీ చెబుతున్నా.

నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్లని పాస్టరు అయ్యగారు లేవమన్నారు. లేచా. అందరి ముందూ నిజం చెప్పేశా. మన ముఠాలో స్తుతి ఉందే, అది లేచి, "అయితే మా పిల్లని కూడా ఆ ఎన్‌సీసీలో చేర్పించక్కా" అంది.

మన ముఠాలో అబద్ధమాడినవాళ్లని రెండు రోజులు పనికి పిలవను, నీకు తెలుసుగా. ఆ లెక్కన ఇద్దరం ఇంట్లో కూచోవాలి. నేను కూచుంటా. సంతకం పెట్టా, నువ్వు పో.

మీ అమ్మ,
ఎలీసమ్మ