వెనక కూర్చున్న బరువు

ఆళ్లగడ్డ,
ఆదివారం.

నంద్యాలలో టైర్ల అంగడి పెట్టుకున్న పార్థసారథి అప్పకు, ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే ఖాజా పీర్ సలాములు చెప్పి రాసేది.

మొదటే మన్నించమంటున్నాను. నా రాత బాగుండదు. ఒత్తులు యాడ పెట్టాలో తెలియదు. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. తప్పులుంటే నువ్వే దిద్దుకొని చదువుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేసినాను. నువ్వు "హలో, ఏ టైరు కావాల?" అన్నావు. నాకు మాట రాలేదు. పెట్టేసినాను. మళ్ళీ మళ్ళీ చేసి పెట్టేసింది నేనే. చివరిసారి నువ్వు తిట్టినావు. నాకు కోపం లేదు.

సంగతి ఇది. నేను, నా భార్య షరీఫా బండి మీద ఊర్లు తిరిగి పరుపులు కుడతాము. నేను దూది ఏకుతాను, ఆమె కుడుతుంది. నీ దగ్గరే కిందటేడు వెనక టైరు వేయించినాను. అప్పుడే గీతలన్నీ పోయి గుండు అయింది. ముందు టైరు మాత్రం అట్లా కాలేదు. రెండూ ఒకే రోడ్డు మీదనే తిరిగినాయి కదా అప్పా, ఒకటే ఎందుకు అరుగుతాది? మారిస్తే రెండూ మార్చాలా, ఒకటి చాలా?

ఈ ఉత్తరం బస్సు కండక్టరు వెంకటేశ్వర్లు చేత పంపిస్తున్నాను. జవాబు బేగా ఇయ్యి.

ఇట్లు,
ఖాజా పీర్

మరిచిపోయినాను: గొలుసుకట్టు రాత నాకు రాదు. అక్షరాలు విడివిడిగా రాయి. షరీఫా ఏడో తరగతి చదివింది, ఆమె చదివి వినిపిస్తాది, అయినా విడివిడిగానే రాయి.

★

నంద్యాల,
మంగళవారం.

పెద్దాయన ఖాజా పీర్ గారికి, టైర్ల పార్థసారథి నమస్కారాలు.

మీరు క్షేమమని తలుస్తాను. ఆ ఫోన్లు మీవని తెలియక నోరు జారినాను, మనసులో పెట్టుకోవద్దు. నేను తిరిగి ఫోన్ చేస్తే మీరు మళ్ళీ పెట్టేస్తారు కాబట్టి, అంగడంతా వెతికి పెన్ను సంపాదించి రాస్తున్నాను. మా నాయన అహోబిలంలో స్వామికి సేవ చేసినాడు, నాకు ఈ రబ్బరు సేవ దక్కింది. అడిగినవాళ్ళకు చెప్పకుండా ఉండలేను.

పెద్దాయనా, రెండు టైర్లూ ఒకే రోడ్డు మీద తిరిగినా రెండింటికీ పని ఒకటి కాదు. బండిని తోసేది వెనక చక్రం. ఇంజను బలమంతా దాని మీదే. పైగా బరువంతా మోసేదీ అదే. వెనక కూర్చునే బరువు ఎక్కువయ్యేకొద్దీ అది అంత తొందరగా అరుగుతుంది. మామూలుగా వెనకవి రెండు మారిస్తే ముందుది ఒకటి మార్చాల్సి వస్తుంది. గీతల మధ్యలో అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మె ఉంటుంది. పైరబ్బరు దాని మట్టానికి దిగిందంటే ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. గుండు టైరు వానలో ఆగదు.

వెనకది మార్చండి. ముందుది కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఎత్తుపల్లాలు తగిలితే నాకు రాయండి.

మీ,
పార్థసారథి

తా.క.: మీరు చెప్పినట్టే అక్షరాలు విడివిడిగా రాసినాను. నా కొడుకు చూసి, మళ్ళీ ఒకటో తరగతిలో చేరినావా నాయనా అన్నాడు.

★

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

పార్థసారథి అప్పకు ఖాజా పీర్ సలాములు.

నీ ఉత్తరం అందింది. అందకపోయింటే బాగుండు.

షరీఫా గట్టిగా చదివింది. "వెనక కూర్చునే బరువు" కాడికి వచ్చి ఆగింది. నా వైపు చూసింది. కాగితం మడిచి, "మిగతాది నువ్వే చదువుకో" అని లోపలికి పోయింది. నేను పొద్దుగూకేదాకా చదువుకున్నాను.

మరుసటి దినం దొర్నిపాడులో నాగజ్యోతమ్మ ఇంట్లో కొత్త పని. షరీఫా బండి ఎక్కలేదు. "నీ టైరు అరిగిపోతాదిలే" అని ఆటోలో బయలుదేరింది.

అప్పా, నీకు ఒక మాట చెప్పాలి. ఏ ఇంటికి పోయినా మాట్లాడేది ఆమెనే. నేను పక్కన నిలబడతాను. ఆ దినం నేను ముందు చేరినాను. గడపలో నిలబడినాను. నాగజ్యోతమ్మ వచ్చి, "కరెంటు మీటరు చూసేదానికి వచ్చినావా?" అనింది. కాదనేదానికి మాట రాలేదు. మీటరు చూపించింది. చూసినాను. "ఎంత తిరిగిందప్పా?" అనింది. "బాగుంది" అన్నాను.

అంతలో షరీఫా ఆటో దిగి, "ఈడ ఏం చేస్తాండావ్, గోడకు అతుక్కోని?" అనింది. పరుపుల పని అప్పుడు మొదలైంది.

ఇన్నేండ్లు ఆమె వెనక కూర్చోని నా వీపుకు కబుర్లు చెప్తా వచ్చింది. ఇప్పుడు ఊరికే బండి చప్పుడు. ఆమె మళ్ళీ ఎక్కాలి. నువ్వే చెడగొట్టినావు, నువ్వే బాగు చేయి. ఆమెకు నచ్చేటట్టు ఒక ఉత్తరం రాయి. తొందరగా రాయి.

ఇట్లు,
ఖాజా పీర్

ఇంకొకటి: నువ్వు చెప్పినట్టు ముందు టైరు తడిమినాను. రంపం పండ్ల మాదిరి తగిలింది. అది ఎందువల్ల? బరువు వల్ల అయితే మాత్రం రాయొద్దు.

★

నంద్యాల,
సోమవారం.

పెద్దాయన గారికి, అంతకంటే ముందు షరీఫమ్మ గారికి, పార్థసారథి వేవేల నమస్కారాలు.

అమ్మా, నేను రాసింది టైర్ల గురించి, మనుషుల గురించి కాదు. బరువు అన్నది మిమ్మల్ని కాదు. దూది మూటలు, పరుపు గుడ్డలు, సూదుల డబ్బా, మధ్యాహ్నం సద్ది, అన్నీ కలిపితే వచ్చే బరువు. మీరొక్కరే కాదు. నిజానికి ఇంత సామానులో మీరు పెద్ద లెక్కలోకి రారు. దయచేసి బండి ఎక్కండి.

ఇక పెద్దాయనా, రంపం పండ్లు అంటే నాకు గుండె ఝల్లుమంది. గాలి తక్కువగా ఉన్నా, ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీల్లో పట్టు తగ్గినా అట్లా అవుతుంది. కానీ ఎక్కువగా ముందు బ్రేకు గట్టిగా, పదే పదే పట్టేవాళ్ళ టైరే అట్లా అరుగుతుంది. మీరు దబదబా ముందు బ్రేకు పడుతున్నారు. కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. వెనకదాని కంటే మొదట ముందుది మార్చండి. వెనక టైరు జారితే ఎట్లానో నిలదొక్కుకోవచ్చు. ముందుది జారితే మనిషి కింద పడతాడు.

మీ శ్రేయోభిలాషి,
పార్థసారథి

తా.క.: ఈ వయసులో అంత గట్టిగా బ్రేకు పట్టేంత తొందరేముంది పెద్దాయనా? ఎవరు తరుముతున్నారు?

★

ఆళ్లగడ్డ,
గురువారం.

పార్థసారథి అప్పకు ఖాజా పీర్ సలాములు.

"మీరొక్కరే కాదు" అని ఎందుకు రాసినావు? "పెద్ద లెక్కలోకి రారు" అని కూడా ఎందుకు రాసినావు? "అయితే నేను దూది మూటతో సమానమా?" అనింది. ఇంకా ఆటోలోనే తిరుగుతున్నది.

కానీ ఇప్పుడు రాసేది అది కాదు. అప్పా, నేను ముందు బ్రేకు పట్టను. వయసులో ఉన్నప్పుడు అవుకు చెరువు కట్ట మీద పట్టి పడినాను. అప్పటి నుంచి దాన్ని ముట్టలేదు. దానికి సద్ది సంచి తగిలిస్తాను. కాలి బ్రేకు ఒకటే నాకు తెలుసు.

మరి నా బండికి ముందు బ్రేకు పట్టేది ఎవరు?

పని లేని దినాల్లో మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని నేను కునుకు తీస్తాను. నిన్న పండుకునే ముందర చక్రానికి, గుంజకు కలిపి సన్న నూలు దారం కట్టినాను. లేచి చూస్తే దారం తెగిపోయింది. బండి ఉన్న తావులోనే ఉంది. ఇంజను మీద చెయ్యి పెడితే కాలింది.

పక్క వీధిలో నా బామ్మర్ది అజ్మల్ ఉంటాడు. వాని మీద అనుమానం వచ్చి బండి తోలుకొని పోయినాను. బండి వైపు, వాని వైపు చూసినాను. వాడే అర్థం చేసుకొని, "బావా, నీ బండి నేను తోలలేదు. దానికి కిక్కు కొట్టే లోపల కోయిలకుంట్లకు నడిచి పోతా" అన్నాడు.

ఇంకో వింత. పెట్రోలు తగ్గలేదు. పైగా కాస్త ఎక్కువే ఉంది. దొంగ మంచోడు మాదిరి ఉన్నాడు.

టైరును చూసి మనిషిని చెప్పొచ్చునా? తెలిస్తే బేగా రాయి.

ఇట్లు,
ఖాజా పీర్

ఇంకొకటి: దొంగ సంగతి చెప్తే షరీఫా అన్నం వడ్డిస్తా నవ్వింది. నవ్వి ఎన్ని దినాలైందో. దొంగకు నా సలాములు.

★

నంద్యాల,
శనివారం.

పెద్దాయన గారికి పార్థసారథి నమస్కారాలు.

ఇన్నేళ్ళలో పెట్రోలు పోసి పోయే దొంగ గురించి వినలేదు. దొరికితే మా అంగడికి పంపండి, నా బండి కూడా ఇస్తాను.

టైరు మనిషి పేరు చెప్పదు, కానీ అలవాటు చెబుతుంది. ఒక పని చేయండి. ముందు టైరుకు ఎడమ అంచు, కుడి అంచు పోల్చి చూడండి. ఎడమ అంచు ఎక్కువ అరిగి ఉంటే, ఎవరో ఖాళీ జాగాలో ఎడమ చేతివైపు చిన్న చిన్న చుట్లు తిరుగుతున్నట్టు. బండి కొత్తగా నేర్చుకునేవాళ్ళు అట్లానే తిరుగుతారు. భయం వేసినప్పుడల్లా ముందు బ్రేకు గట్టిగా పట్టేదీ వాళ్ళే. నాకు తోచింది ఇది: మీ దొంగ బండి నేర్చుకుంటున్నాడు.

ఎవరైనా సరే, ఆ ముందు టైరుతో తిరగనీయకండి. ఆ నేర్చుకునే పిల్లోడు పడతాడు.

మీ,
పార్థసారథి

తా.క.: షరీఫమ్మ గారూ, ఈ ఉత్తరంలో బరువు గురించి ఒక్క ముక్క రాయలేదు. రాసింది మళ్ళీ చదివి మరీ చూసుకున్నాను.

★

ఆళ్లగడ్డ,
బుధవారం.

పార్థసారథి అప్పకు ఖాజా పీర్ సలాములు.

నీ ఉత్తరం షరీఫా ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివింది. నేను పోయి టైరు చూడబోయినాను. "చూడాల్సిన పని లేదు. ఎడమ అంచే" అనింది. తాళంచెవి చేతికి తీసుకుంది. "పిల్లోడంట, పిల్లోడు. ఎక్కు" అనింది.

ఎక్కినాను.

హైస్కూలు గ్రౌండు చుట్టూ తిప్పింది. ఎడమ వైపు, మళ్ళీ కుడి వైపు. అజ్మల్ బండి తోలలేదన్నది నిజమే. ఆమెకు నేర్పించినాడు. లైసెన్సు కూడా తెచ్చుకొని బియ్యం డబ్బాలో దాచింది.

ఎందుకని అడిగినాను. "నీ కుడి కంటికి పొర వచ్చింది. ఎనుము ఎదురుగా వచ్చేదాకా నీకు కనపడదు. ఎవురికీ చెప్పవు. నువ్వు తోలలేని దినం వస్తే పరుపులు మనమే పరుచుకోని పండుకుందామా?" అనింది.

"మరి బరువు మాటకు కోపం రాలేదా?" అన్నాను. "ఆ మాటకు కాదప్పా. దాని కింద ముందు టైరు తడిమి చూడమని రాసింటే, నేను చదివి వినిపిస్తే నువ్వు కనిపెడతావని మడిచినా. నీ అంతట నువ్వు అంతదాకా చదవలేవనుకున్నా" అనింది. "మరి ఆటో?" అన్నాను. "కోపం చూపించినాక మరుసటి దినమే ఎక్కితే నమ్ముతావా?" అనింది.

నేను వీపుకు బదులు చెవి ఇచ్చేది నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ఆమె ముందర కూర్చోని చెప్తాది, గాలికి సగమే వినపడతాది. ఆ సగం చాలు. కంటి ఆసుపత్రికి కూడా ఆమెనే తీసుకపోతానంటున్నది.

ఇక అసలు సంగతి. మొన్న సోమవారం నీ అంగడికి ఒకామె బండి తోలుకొని వచ్చింది. అవుకు నుంచి వచ్చినామనింది. వెనక ఒక ముసలాయన హెల్మెట్ తీయకుండా, ఒళ్ళో దిండు పెట్టుకొని కూర్చోని ఉన్నాడు. నువ్వు రెండు టైర్లూ మార్చినావు. పాత వెనక టైరు చేతిలోకి తీసుకొని, "అమ్మా, ఇంతగా అరిగిందంటే వెనక బరువు బాగా ఎక్కువైతాంది" అన్నావు.

ఆమె నా వైపు చూసింది.

అది మేమే అప్పా. పలకరిద్దామనుకున్నాను. మాట రాలేదు. మేము పోయినాక టైర్ల కుప్ప మీద దొరికిన దిండు ఎవరో మరిచిపోయింది కాదు. నీ కోసం కుట్టింది. మంచి దూది.

జవాబు తొందరగా రాయి. ఎదురు చూస్తుంటాము.

ఇట్లు,
ఖాజా పీర్

ఇంకొకటి: ఇకమీదట బరువు గురించి మాత్రం రాయొద్దు. ఈసారి అలిగి ఆటో ఎక్కేది నేను.