తాళం వేసిన బోరు

నాయనా, నీకు చేరదని తెలిసే రాస్తున్నా. నువ్వు పోయి ఏడాదైంది. ఈ పొద్దు తమ్ముడు మన బోరు స్టార్టరు పెట్టెకు తాళం వేసినాడు. ఎప్పటిలాగే ఊరి ఆడోళ్లు బిందెలతో వచ్చినారు.

"బత్తాయి చెట్లు ఎండిపోతుంటే ఊరికి నీళ్లేంది? పోండి!" అని అరిచినాడు.

"మీ నాయన ముందు మా బిందెలు నింపి, తర్వాతే చెట్లకు తిప్పేవాడు గదయ్యా," అనింది మరియమ్మత్త.

"ఆయన లేడు గదా!"

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఇంతలో అమ్మ వచ్చింది. చంకలో ఖాళీ బిందెతో పోయి వరసలో అందరి వెనకాల నిలబడింది.

ఎండెక్కింది నాయనా. వాడింకా తాళం తీయలేదు. అమ్మ బిందె దించలేదు.