తమ్ముడి పేరుకు ఎదురుగా

మంగళవారం రాత్రి, బ్రిక్‌ఫీల్డ్స్

రేపు ఉదయం ఆసుపత్రిలో రోగుల వివరాలు చూపించడానికి మేం రాసిన జావా అప్లికేషన్ మొదలవుతుంది. చివరి పరీక్షకు, ఎప్పటిలాగే, తమ్ముడు రమణ పేరే కొట్టాను. వాడి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంది. చిన్నప్పుడు పెన్సిలిన్ పడక ముఖం ఉబ్బిపోతే, వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది నేనే. తెర మీద "అలర్జీలు లేవు" అని వచ్చింది.

అలర్జీల వివరాలు పంపాల్సిన వెనకనున్న సర్వీసు జవాబివ్వలేదు. ఆ ఖాళీని తెర "లేవు" అని చూపించింది. మళ్ళీ నొక్కితే సరిగ్గా వచ్చింది. ఎప్పుడు తప్పుతుందో తెలియదు; నాకు అదే ఎక్కువ భయం.

"టైమౌట్ అంతే లా అక్కా, జవాబు లేటవుతుంది, ఎప్పుడో ఒకసారి," అంది పక్క సీటు సెల్వి, ఇక్కడివాళ్ళ అలవాటుగా "లా" తగిలించి.

రమణకు ఫోన్ చేసి చెప్పాను. "ఏటక్కా, నా జబ్బు మిషనే నయం సేసీసినాదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దీపం ముందు రోజూ తోబుట్టువుల పేర్లు చెప్పుకుంటాను. రేపు ఆ తెర ముందుకు వచ్చేవాళ్ళ పేర్లు నాకు తెలియవు. స్వామీ, నీకు తెలుసు కదా...

ప్రారంభం ఆపమని మేనేజరుకు సాయంత్రమే రాశాను. ఇంకా జవాబు లేదు. ఆ ఖాళీని నేను కూడా "పరవాలేదు" అని చదువుకోకూడదు. తెల్లవారగానే, ఆపమని చెప్పడానికి, మొదటి రైలుకి ఆసుపత్రికి వెళ్ళాలి.