మధ్యాహ్నం ఆర్పి వేసే పని

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కొత్తచెరువులో నీ టైపింగ్ అంగడిని ఇప్పుడు నీ స్నేహితురాలు రజియా నడుపుతోంది. కరెంటు పోయినా టైపు చేసింది పోకూడదని నువ్వు రాసిన ప్రోగ్రాం ఇంకా కంప్యూటర్‌లో వెనకాల నడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ మొరాయించేది. నువ్వు చేసినట్టే రోజూ ఆ వేళకు పోయి, దాన్ని ఆర్పి మళ్లీ వేసేవాణ్ణి. ఊరికే పోయి కూర్చోవాలంటే నాకు మొహమాటం. ఈ పని ఉంది కాబట్టి నీ కుర్చీలో కాసేపు కూర్చునేవాణ్ణి.

మొన్న రజియా, "మెమరీ లీకవుతాండాది మామా" అంది. నీ రాతలు ఎక్కడికో కారిపోతున్నాయని భయపడ్డాను.

"కారేది కాదు మామా. ఆ ప్రోగ్రాం సేవ్ చేసినప్పుడల్లా కొంచెం మెమరీ తీసుకుంటాది, తిరిగియ్యదు. మధ్యాహ్నానికి మెమరీ అంతా అయిపోయి కంప్యూటర్ నిలబడిపోతాది. అచ్చం మా అత్తే! గిన్నె ఇచ్చినామా, ఇంక రాదు" అని నవ్వింది.

నాలుగు రోజులు వెతికింది. తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యమని చెప్పే ఒక్క లైను రాయడం నువ్వు మరిచిపోయావట. అది తనే రాసి చేర్చింది.

ఇవాళ మధ్యాహ్నం అలవాటుగా స్విచ్ దగ్గరకు పోయాను.

"ఏం మామా, ఇంక ఆర్పే పనే లేదు. సాయంత్రం దాకా గుర్రం మాదిరి పోతాది చూడు" అంది. ఆ పిల్ల ముఖంలో ఎంత సంతోషమో.

"బాగ చేసినావమ్మా" అన్నాను. కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను.

రేపు ఏం పని ఉందని పోవాలో తెలియడం లేదు తల్లీ.

నాయన