మోత పెట్టే పాత హెయిర్ డ్రయ్యర్ తిరిగి ఇప్పించుట గురించి

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చెడిపోయిన హెయిర్ డ్రయ్యర్‌కు బదులు మంచిది ఇచ్చినందుకు ఫిర్యాదు.

పై విషయం పొరపాటున రాసినది కాదు. చివరి వరకు చదవవలెనని మనవి.

1. నేను ఆసుపత్రి బట్టల గదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇస్త్రీ పని చేయుచున్నాను. వయసు యాభై ఆరు. ఇంట్లో నేనూ నా చెల్లెలూ ఇద్దరమే. ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. నాలుగేళ్ల కిందట మెట్ల మీద పడి భుజం విరిగింది. అప్పటి నుంచి కుడి చెయ్యి తల దాకా లేవదు. ఆదివారం ఆమె తల ఆరబెట్టి, దువ్వి, జడ వేయు పని నాది.

2. సదరు డ్రయ్యర్ పదకొండు నెలల కిందట కొన్నాము. మొదటి రోజు నుంచీ దాని మోత పిండిమర మోతే. అది లోపమని నేను ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడూ చేయడం లేదు.

3. గత నెల పద్దెనిమిదో తారీఖు ఆదివారం నాడు సదరు యంత్రంలో వేడి ఆగిపోయినది. మోత మామూలే. ఇస్త్రీపెట్టె పట్టి కాయలు కాసిన చేతులు నావి, గోరువెచ్చనకూ చల్లనకూ తేడా తెలియదు. మర్నాడు చెల్లెలి తలగడ గలీబు తీస్తే తడిగా ఉన్నది. అప్పుడు తెలిసినది.

4. అదే రోజు దుకాణంలో ఇచ్చి, బాగుచేయమన్నాను. వారంటీ చీటీ వెనుక మూడు హక్కులు అచ్చువేసి ఉన్నాయి. బాగుచేయించుకోవడం, మార్చుకోవడం, సొమ్ము వాపసు. ఏది కావాలో కొన్నవారి ఇష్టమని కూడా ఉన్నది. కాని గురువారం నన్ను పిలిచి కొత్త యంత్రం చేతిలో పెట్టారు.

"మేడమ్, మీ అదృష్టం. పాత మోడల్ ఆగిపోయింది. ఇది వేస్తే పక్కన పడుకున్న పిల్లి కూడా లేవదు," అన్నారు మేనేజరు.

"నాకు పాతదే కావాలండీ. బాగుచేయండి."

"బాగుచేయడం మా దగ్గర లేదమ్మా. ఇంతకంటే మంచిది ఊరికే ఇస్తుంటే వద్దంటారేంటి?"

సంతకం పెట్టి తెచ్చుకొన్నాను.

5. కంపెనీకి ఫోను చేశాను. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మీ ఫిర్యాదు పరిష్కారం అయినట్టు చూపిస్తోందమ్మా. తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి." రెండు నొక్కాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వినిపించి లైను కట్ అయినది.

6. ఇక కారణం. ఇది రాయకుండా అర్జీ ముగించవలెనని చూశాను, కుదరలేదు.

చెల్లెలికి భుజం ఆపరేషన్ జరిగిన వారంలోనే మా అమ్మ పోయింది. తొమ్మిది రోజులు ఆ సంగతి దాచాను. డాక్టరు దాచమనలేదు, చెప్పమనీ అనలేదు. నిర్ణయం నాదే. ఇంటికి వచ్చిన నాటి నుంచి చెల్లెలు నాతో మాట్లాడదు. అవసరమైతే పెన్సిలుతో చీటీ రాసి బల్ల మీద పెడుతుంది. "పాలు అయిపోయాయి." "గ్యాస్ అతను వచ్చి వెళ్లాడు." ఒక్క అక్షరం తప్పు ఉండదు.

డ్రయ్యర్ కొన్న రెండో ఆదివారం, ఆ మోతలో, వెనక నిలబడి ఉండగా ఆమె గొంతు వినబడింది.

"మా ఫోర్‌మన్ మీసానికి రంగేశాడక్కా. మీసంతోపాటు మూతీ నల్లబడింది."

ఇంకొక వారం: "నీకు వినబడదులే గానీ, నీ గురక గోడ దాటి వస్తోంది. నువ్వు ప్రార్థన చేసుకుని హాయిగా పడుకుంటావు. పాపం, దేవుడికి నిద్రెక్కడిది?"

యంత్రాల మోతలో మాట వినడం బట్టల గదిలో పని చేసేవాళ్లకు అలవాటు. అది ఆమెకు తెలియదు. జవాబిస్తే మానేస్తుందని నేను నోరు మెదపలేదు. వారానికి పావుగంట. అంతకంటే కోరలేదు.

పద్దెనిమిదో తారీఖున ఆమె అడిగింది. "అమ్మ నన్నడిగిందా అక్కా?"

జవాబు నా దగ్గర ఉన్నది. వచ్చే ఆదివారం అదే మోతలో చెబుదామనుకొన్నాను. మర్నాడు తలగడ తడి చూసి, యంత్రాన్ని నా చేతులతోనే దుకాణంలో ఇచ్చి వచ్చాను.

7. కొత్త యంత్రం వచ్చాక రెండు ఆదివారాలు గడిచాయి. వేడి బాగుంది. జుట్టు పది నిమిషాల్లో ఆరుతోంది. గదిలో దువ్వెన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. జడ చివర రబ్బరు బ్యాండు వేయగానే ఆమె లేచి తన గదిలోకి పోతోంది.

కావున తమరు దయచేసి, దుకాణం వారు నెలాఖరుకు తుక్కు కింద పంపక ముందే, నా పాత డ్రయ్యర్ నాకు ఇప్పించవలెను. తీగకు ఎర్ర దారం చుట్టి ఉంటుంది, బట్టల గదిలో గుర్తు కోసం కుట్టే దారం. వేడి రాకున్నా అభ్యంతరం లేదు. మోత ఉంటే చాలు. కొత్తది ఈ క్షణమే వాపసు ఇస్తాను, సొమ్ము అక్కరలేదు.

నేను అడగడం తక్కువ. తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పై ఇద్దరిలో అక్క

తా.క. ఇది నకలు. అసలు ప్రతి రాసి, బల్ల మీద ఉంచి, స్టాంపు కోసం బయటకు వెళ్లాను. ఆమె చదువుతుందని తెలియదంటే అబద్ధమవుతుంది. తిరిగి వచ్చేసరికి మూడో అంశం పక్కన పెన్సిలు దిద్దుబాటు ఉన్నది.

"తారీఖు తప్పు. అంతకు ముందు నాలుగు ఆదివారాల నుంచే వేడి లేదు."

ఆ నెలంతా ఆమెకు జలుబు తగ్గకపోవడమూ, తలగడ గలీబు తనే మార్చుకోవడమూ నాకు గుర్తే. దయచేసి తారీఖు ఆ ప్రకారం సరిచూసుకోవలెను.

ఆరో అంశం పక్కన ఏమీ దిద్దలేదు. అక్కడ నేనే పెన్సిలు తీసుకొని రాశాను. "అడిగింది. రెండుసార్లు. నువ్వు దారిలో ఉన్నావని చెప్పాను."

ఉదయం చూస్తే కాగితం బల్ల మీద లేదు. ఆమె తలగడ కింద ఉన్నది. అడగలేదు, తీయలేదు. అందుకే నకలు పంపుచున్నాను.

అర్జీ మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. ఎల్లుండి ఆదివారం.